పర్పుల్ ట్యూబులోది ఎర్ర మూత ట్యూబులో పోయకండి

రక్త పరీక్షల ట్యూబులు కొనే అధికారులకు, కలెక్షన్ సెంటర్ల యజమానులకు ఒక ల్యాబ్ టెక్నీషియన్ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పల్నాడు వైపు ఒక ఊళ్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. డీఎంఎల్‌టీ పాసై ఇరవై మూడేళ్లయింది. రోజుకి రెండొందల దాకా ట్యూబులు నా చేతుల మీదుగా వెళ్తాయి. మీలో కొందరు ఆ ట్యూబులకు టెండర్ పిలిచి కొంటారు. కొందరు వాటిలో రక్తం నింపి బస్సెక్కించి మాకు పంపుతారు. మీరు కొన్నదైనా, మీరు నింపిందైనా చివరికి వచ్చి చేరేది నా బల్ల మీదికే. అందుకే ఈ ఉత్తరం.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం సంగతి చెప్తాను. ఒక కలెక్షన్ సెంటర్ నుంచి వచ్చిన ఎర్ర మూత ట్యూబు మెషీన్‌లో పెట్టాను. అరవై దాటిన పెద్దాయన శాంపిల్. పొటాషియం 8.1 వచ్చింది. మామూలుగా అది 3.5 నుంచి 5.1 మధ్య ఉండాలి. 8 దాటిందంటే గుండె ఏ క్షణమైనా ఆగిపోవచ్చు. ఇలాంటి అంకె కనపడగానే డాక్టర్‌కి ఫోన్ చేయాలన్నది మా నియమం. ఫోన్ చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ కింద మిగతా అంకెలు కూడా చూశాను. కాల్షియం 4.6. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ 19. రెండూ ఉండాల్సిన దాని కన్నా బాగా తక్కువ. అప్పుడు డాక్టర్‌కి కాకుండా కలెక్షన్ సెంటర్‌కి ఫోన్ చేశాను.

"పొద్దున వచ్చిన పెద్దాయన ఎలా ఉన్నాడు బాబూ?"

"బాగానే ఉన్నాడు మేడమ్. టీ తాగి నడుచుకుంటూనే వెళ్లాడు."

కాల్షియం 4.6 ఉన్న మనిషి టీ తాగి నడుచుకుంటూ వెళ్లడు. చేతులు కొంకర్లు పోయి, ఫిట్స్ వచ్చి మంచం మీద ఉంటాడు. "ఏ ట్యూబు ముందు నింపావు?" అని అడిగాను. కాసేపు అవతల నుంచి మాట లేదు.

"ఎర్ర మూతదాంట్లో తక్కువ పడింది మేడమ్. మళ్లీ గుచ్చుదామంటే నరం దొరకలేదు. పర్పుల్ దాంట్లో ఎక్కువుంటే అందులోంచి కొంచెం పోశాను. రక్తం ఒకటే కదా మేడమ్."

ఇరవై మూడేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ట్యూబు కొనేవాళ్ల నోట, నింపేవాళ్ల నోట, ఒక్కోసారి డాక్టర్ల నోట కూడా. రక్తం ఒకటే. కానీ ట్యూబు ఉత్త గాజు గొట్టం కాదు. అందులో ఒక మందు ఉంటుంది. రక్తం తాకిన క్షణం నుంచి ఆ మందు పని మొదలుపెడుతుంది.

పర్పుల్ ట్యూబు గోడకి అంటిపెట్టుకుని ఉండేది ఈడీటీఏ. ఎక్కువగా అది పొటాషియం ఉప్పు రూపంలోనే ఉంటుంది. ఒక మిల్లీలీటరు రక్తానికి సుమారు 1.8 మిల్లీగ్రాములు. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి గడ్డకట్టదు, సెల్ కౌంటర్‌లో కణాలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ పనికి దాన్ని మించింది లేదు. కానీ అదే రక్తాన్ని ఎర్ర మూత ట్యూబులో పోస్తే, ఈడీటీఏతో పాటు వచ్చిన పొటాషియం ఆ మనిషి పొటాషియంలో కలిసిపోతుంది. అతని కాల్షియం మెషీన్‌కి దొరకదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పనిచేయాలంటే జింక్, మెగ్నీషియం కావాలి. వాటినీ ఈడీటీఏ లాగేసుకుంటుంది. ఒకటి ఆకాశానికి పోయి, రెండు పాతాళానికి పడ్డాయంటే రోగి ఒంట్లో ఏమీ కాలేదు, ట్యూబులో ఏదో జరిగిందని మాకు తెలిసిపోతుంది.

ఇంత దారుణంగా పోసింది దొరికిపోతుంది. నాకు టెన్షన్ అంతా దొరకని వాటితోనే. పర్పుల్ ట్యూబు ముందు నింపి, అదే సూదితో ఎర్ర ట్యూబు తర్వాత నింపితే ఈడీటీఏ పిసరంత అంటుకుని వెళ్లొచ్చు. అప్పుడు 4.6 ఉండాల్సిన పొటాషియం 5.8 వస్తుంది. కాల్షియం కొంచెం తగ్గుతుంది, అనుమానం రానంత. ఇది ఎవరూ పట్టుకోరు. డాక్టర్ ఆ అంకెని నమ్మి బాగా పనిచేస్తున్న బీపీ మాత్ర ఆపేస్తాడు. కొబ్బరినీళ్లు తాగొద్దంటాడు, అరటిపండు మానేయమంటాడు. ఆ మనిషి ఏళ్ల తరబడి అరటిపండు ముట్టకుండా బతుకుతాడు, పొరపాటున ఒక ట్యూబు ముందు నింపినందుకు.

అందుకే వరుస అనేది ఒకటుంది. రక్తంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ బాటిల్ ఉంటే అది ముందు. తర్వాత నీలం మూత, ఆ తర్వాత ఎర్రది లేదా పసుపుది, పచ్చది ఉంటే అది, తర్వాత పర్పుల్, చివర్న బూడిద రంగుది. ఇదేమీ నా సొంత కవిత్వం కాదు, ప్రపంచమంతా పాటించే వరుస. మా జిల్లాలో ఎన్ని కలెక్షన్ సెంటర్ల గోడ మీద ఈ వరుస అతికించి ఉందో చూడండి. కంపెనీ క్యాలెండర్ మాత్రం ప్రతి గోడకీ ఉంటుంది.

ఆ రోజు ఫోన్‌లో మాట్లాడిన పిల్లాడి మీద నాకు కోపం లేదు. ఇంటర్ చదివి వచ్చాడు. రెండు వారాలు ఇంకొకరి పక్కన నిలబడి నేర్చుకున్నాడు. మూడో వారం చేతికి సూది ఇచ్చారు. రోజుకి ఇన్ని శాంపిళ్లని టార్గెట్ పెట్టారు. పర్పుల్ మూతకీ ఎర్ర మూతకీ తేడా ఏంటని అడిగితే "రంగు" అంటాడు. నేర్పాల్సింది నేర్పకుండా వాణ్ణి తిట్టి లాభం లేదు. యజమాని గారూ, ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను, వాడికి కాదు.

మా సీనియర్ ఒకాయన ఉండేవారు, రిటైరయ్యారు. ఆయన కుర్రతనంలో పెన్సిలిన్ ఇంజెక్షన్ సీసాలు కడిగి, ఎండబెట్టి, వాటిలో ఈడీటీఏ ద్రావణం చుక్కలు వేసి ఆరబెట్టుకునేవారట. ఎన్ని చుక్కలు వేశారో, అది ఎంతసేపు ఆరిందో ఆ సీసా వెనక ఉన్న మనిషికి తెలుసు. తప్పు జరిగితే ఆ మనిషే చూసుకునేవాడు. ఇప్పుడు అన్నీ వాక్యూటైనర్లు. 1940ల్లో అమెరికాలో జోసెఫ్ క్లీనర్ అనే ఆయన ట్యూబులోంచి గాలి లాగేసి, రబ్బరు మూత పెట్టి, సూది గుచ్చగానే రక్తం దానంతట అదే కొలతగా పడేలా చేశాడు. వాక్యూటైనర్ అనేది ఒక కంపెనీ బ్రాండు పేరు, ఇప్పుడు డాల్డాలాగా అందరికీ అదే పేరయింది. కొలతగా పడుతుందన్న మాట గుర్తుంచుకోండి. ట్యూబు లోపల ఉన్న మందు ఆ కొలతకే సరిపోతుంది. తక్కువ పడితే ఒక తప్పు, సిరంజితో ఒత్తి ఎక్కువ పోస్తే ఇంకో తప్పు.

మా దగ్గర వానలు పడ్డాక డెంగీ సీజన్ వస్తుంది. మీకు తెలియంది కాదు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఊళ్లో ఎవరిని పలకరించినా ప్లేట్‌లెట్ల మాటే. బొప్పాయి ఆకు రసం, కివీ పండ్లు, ఫోన్లలో బ్లడ్ గ్రూప్ మెసేజ్‌లు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఎనిమిదేళ్ల పాప శాంపిల్ వచ్చింది. సెల్ కౌంటర్ ప్లేట్‌లెట్లు 24,000 అంది. ముందు రోజు లక్షా ముప్పై వేలు. వాళ్ల నాన్న అప్పటికే గుంటూరు వెళ్లడానికి కారు మాట్లాడేశాడు. ఒకే దాత నుంచి తీసే ప్లేట్‌లెట్ల సంచి, ఎస్‌డీపీ బ్యాగ్, ఒక్కదానికే పది వేలకు పైన అవుతుందని ఎవరో చెప్పారట, అప్పు కోసం ఫోన్లు చేస్తున్నాడు.

ట్యూబు చేతిలోకి తీసుకుని ఒక చెక్క పుల్ల ముంచి పైకి తీశాను. పుల్ల చివర సన్నటి గడ్డ వేలాడింది, జామపండు గింజంత. దాంతో పాటు ఎర్రటి దారం లాంటిది.

అంతే. రక్తం తీశాక ట్యూబుని మెల్లగా ఎనిమిది, పది సార్లు తలకిందులు చేసి నిలబెట్టాలి. అప్పుడే గోడకున్న ఈడీటీఏ అంతా రక్తంలో కలుస్తుంది. పాప ఏడుస్తోంది, అమ్మ ఏడుస్తోంది, వెనక ఇరవై మంది లైన్లో ఉన్నారు. తీసినామె ట్యూబుని స్టాండులో అలాగే పెట్టేసింది. చిన్న గడ్డ కట్టింది. ప్లేట్‌లెట్లన్నీ వెళ్లి ఆ గడ్డలో కూర్చున్నాయి. మెషీన్ మిగిలినవి లెక్కపెట్టి 24,000 అంది. మెషీన్ అబద్ధం చెప్పలేదు. దానికి ఇచ్చిన దాంట్లో ఉన్నవి అన్నే. మళ్లీ తీసి, కలిపి, పెడితే లక్షా పదకొండు వేలు వచ్చాయి. కారు అద్దె పోయింది గానీ పాప ఇంట్లోనే తగ్గించుకుంది.

ఇంకోరకం కూడా ఉంది. ఇది ఎవరి తప్పూ కాదు. కొద్దిమందికి, వెయ్యి మందిలో ఒకరో ఇద్దరో అనుకోండి, ఈడీటీఏ తగిలితేనే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గడ్డ కనపడదు. ఎన్నిసార్లు తీసినా, ఎంత బాగా కలిపినా తక్కువే వస్తుంది. స్లయిడ్ వేసి మైక్రోస్కోప్ కింద చివరి అంచు చూస్తే గుత్తులు గుత్తులుగా కనపడతాయి. అప్పుడు నీలం మూత ట్యూబులో తీసి, వచ్చిన అంకెని 1.1తో గుణిస్తే అసలు లెక్క తెలుస్తుంది. ఆ ట్యూబులో ముందే కొంత ద్రావణం ఉంటుంది కాబట్టి ఆ గుణకారం. ఇలాంటి వాళ్లలో కొందరు ఏళ్ల తరబడి "ప్లేట్‌లెట్లు తక్కువ" అన్న ముద్రతో తిరుగుతారు, ఆపరేషన్లు వాయిదా వేసుకుంటారు. ఒక్క స్లయిడ్ చూస్తే తేలిపోయేది. స్లయిడ్ చూడ్డానికి మనిషి కావాలి, ఆ మనిషికి పది నిమిషాలు కావాలి. రిపోర్ట్ గంటలో వాట్సాప్‌లో పెట్టాలంటే ఆ పది నిమిషాలే ముందు ఎగిరిపోతాయి.

కలపమన్నాను కదా అని కొబ్బరికాయలో నీళ్లున్నాయో లేదో చూసినట్టు ట్యూబుని చెవి దగ్గర పెట్టుకుని ఊపకండి. అలా ఊపేవాళ్లనీ చూశాను. ఎర్ర కణాలు పగిలిపోతాయి. కణం లోపల పొటాషియం బయటున్న దానికి ఇరవై రెట్ల పైన ఉంటుంది. పగిలితే అదంతా బయటికి వస్తుంది. సీరం, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరయ్యే నీరు, లేత పసుపుగా రావాల్సింది దానిమ్మ రసంలా వస్తుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా, సన్నసూదితో గట్టిగా లాగినా, సిరంజిలోది సూదిలోంచే ట్యూబులోకి ఒత్తి పంపినా ఇదే గతి.

ఇక షుగర్. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన ఊళ్లలో ఎక్కువ మంది చేయించుకునేది ఇదే, ఎక్కువ తప్పు జరిగేదీ ఇక్కడే. ఫాస్టింగ్ షుగర్ పొద్దున ఏడింటికి తీస్తారు. ఎర్ర మూత ట్యూబులో. అన్ని ఊళ్లవీ పోగయ్యేదాకా ఆగి, తొమ్మిదిన్నర బస్సుకి డ్రైవర్‌కి ఇచ్చి పంపుతారు. నా దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర. ఈ నాలుగున్నర గంటలూ ట్యూబులో కణాలు బతికే ఉంటాయి, ఆకలిగానే ఉంటాయి. మామూలు గది వేడిలోనే గంటకి 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. తెల్ల కణాలు ఎక్కువున్న మనిషైతే ఇంకా వేగంగా. పొద్దున 132 ఉన్న షుగర్ నేను చూసేసరికి వందకి దగ్గర్లో ఉంటుంది. 126 దాటితే డయాబెటిస్ అని గీత గీసుకున్నాం కదా. ఆ మనిషి గీతకి అవతల ఉన్నాడు, బస్సు ప్రయాణంలో ఇవతలికి వచ్చేశాడు. నార్మల్ అని రిపోర్ట్ పట్టుకుని, ఇంటికెళ్తూ దారిలో పాకం గారెలు కొనుక్కుంటాడు.

బూడిద రంగు మూత ట్యూబు ఉన్నది ఇందుకే. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, కణాలు గ్లూకోజ్ తినకుండా అడ్డుపడుతుంది. కానీ అది కూడా వెంటనే పట్టు బిగించదు. మొదటి గంట, రెండు గంటలు కణాలు తింటూనే ఉంటాయి, ఆ తర్వాతే ఆగుతాయి. కాబట్టి "గ్రే ట్యూబులో తీశాం కదా మేడమ్" అని ఎండలో బండి మీద తిప్పకండి. ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో పెట్టి పంపండి. లేదా అక్కడే పావుగంటలో, ట్యూబుని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి, కణాల నుంచి ప్లాస్మా వేరు చేయండి. చిన్న సెంట్రిఫ్యూజ్ ఒకటి మీ సెంటర్‌లో ఉండటం మీరు పెట్టించిన ఏసీ బోర్డు కన్నా అవసరం.

ఐస్ అన్నానని ఎర్ర మూత ట్యూబుని కూడా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకుండా తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెడతారు కొందరు. "జాగ్రత్తగా ఫ్రిజ్‌లో పెట్టాం మేడమ్" అని గర్వంగా చెప్తారు. చల్లదనానికి కణాల గోడల్లో ఉండే పంపు మందగించి, లోపలి పొటాషియం మెల్లగా బయటికి కారిపోతుంది. సీరం ఎర్రబడదు, చూస్తే శుభ్రంగానే ఉంటుంది. రిపోర్ట్‌లో పొటాషియం మాత్రం ఎక్కువ. ఎండలో పెడితే ఒక తప్పు, ఫ్రిజ్‌లో పెడితే ఇంకోటి. తిప్పి, సీరం వేరు చేసి, అప్పుడు చల్లబెట్టండి. ఇది నేర్పడానికి ఒక పూట చాలు.

నీలం మూత ట్యూబు గురించి ఒక్క మాట. అందులో 3.2 శాతం సిట్రేట్ ఉంటుంది. ఒక పాలు సిట్రేట్‌కి తొమ్మిది పాళ్ల రక్తం పడాలి, గీత దాకా. గుండెలో కవాటం మార్పించుకుని రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్, వార్ఫరిన్ మింగేవాళ్లకి ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే అంకె, చూసేది ఇందులోనే. సగం నింపి పంపితే సిట్రేట్ ఎక్కువై, గడ్డకట్టే సమయం సాగిపోయి, ఐఎన్‌ఆర్ ఎక్కువ చూపిస్తుంది. డాక్టర్ మందు తగ్గిస్తాడు. అసలు ఐఎన్‌ఆర్ సరిగ్గానే ఉంటే? కొత్త కవాటం మీద రక్తం గడ్డ కట్టడం మొదలవుతుంది. సీతాకోకచిలుక సూది వాడేటప్పుడు దాని గొట్టంలో ఉన్న గాలి ముందు ట్యూబులోకి పోయి ఆ మేరకు రక్తం తగ్గుతుంది. అందుకే ముందు ఇంకో ఉత్త ట్యూబుకి కాస్త పట్టి పారేయాలి. పారేసే ట్యూబు ఖర్చు చూసుకోకండి.

ఇప్పుడు కొనేవాళ్ల సంగతి.

సార్, టెండర్‌లో తక్కువ కోట్ చేసినవాడికి ఇవ్వడం నియమమని తెలుసు. కాదనడం లేదు. నేను అడిగేది తక్కువ ధర ట్యూబు కొనవద్దని కాదు. మంచి ట్యూబులు చవకగా చేసే కంపెనీలు మన దేశంలోనూ ఉన్నాయి. కొనేముందు ఆ ట్యూబు ఏంటో చూడమని అడుగుతున్నాను. ఏడాదికోసారి కంపెనీ మారుతుంది. ఒక రోజు పొద్దున అట్టపెట్టె తెరిస్తే మూత రంగు కాస్త వేరు, లేబుల్ వేరు, లోపలి జెల్ వేరు. మాకు ఒక మాట చెప్పరు. ఆ రోజు నుంచి వచ్చే అంకెలు పాత అంకెలతో పోల్చవచ్చో లేదో ఎవరికీ తెలీదు. మెషీన్‌లో వాడే రసాయనం, రీఏజెంట్, కొత్త లాట్ వస్తే కంట్రోల్స్, అంటే ముందే అంకె తెలిసిన శాంపిళ్లు, నడిపి చూస్తాం, సంతకాలు పెడతాం. ట్యూబు మారితే ఎవరూ ఏమీ చేయరు, అది స్టేషనరీ అనుకుంటారు.

ట్యూబు వల్ల దేశాలు దేశాలే బోల్తా పడ్డాయి. 2000ల మొదట్లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ జెల్ ట్యూబుల్లో, లోపలి గోడకి పూసే సిల్వెట్ అనే జారుడు రసాయనం మోతాదు వల్ల, ఒక రకం మెషీన్ల మీద థైరాయిడ్ హార్మోన్ టీ3 ఉన్నదాని కన్నా ఎక్కువగా వచ్చింది. రోగుల ఒంట్లో థైరాయిడ్ మామూలుగానే ఉంది. 2017 మేలో, మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. పిల్లల రక్తంలో సీసం చూసే లెడ్‌కేర్ మెషీన్లు, సిర నుంచి ట్యూబులో తీసిన రక్తంలో సీసాన్ని తక్కువగా చూపిస్తున్నాయని. తర్వాత వెతికితే దారి తీసింది ట్యూబు రబ్బరు మూతలో ఉన్న థైయురామ్ అనే పదార్థం దగ్గరికి. రబ్బరు మూత! మన టెండర్ కాగితంలో మూత గురించి రాసేది రంగు ఒక్కటే.

ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ అనుసరించే ఐఎస్ఓ 15189 ప్రమాణం 2022 కూర్పులో ఈ మాట ఉంది. పరీక్ష నాణ్యత మీద ప్రభావం చూపే వాడుక సరుకులు వాడకంలోకి తెచ్చే ముందు పనితీరు సరిచూసుకోవాలని. ట్యూబులను ఎలా సరిచూడాలో చెప్పడానికే ల్యాబులకు ప్రమాణాలు రాసే అమెరికాలోని సీఎల్ఎస్ఐ సంస్థ జీపీ34 పేరుతో ఒక పత్రం వేసింది. అంత దూరం పోలేకపోయినా ఒక పని చేయొచ్చు. టెండర్ ఖరారు చేసే ముందు ఒక పెట్టె ట్యూబులు మాకు ఇవ్వండి. మా స్టాఫ్‌లో ఇరవై మందిమి చేతులు చాపుతాం. ఒక్కొక్కరి దగ్గర పాత ట్యూబులో ఒకటి, కొత్త ట్యూబులో ఒకటి తీసి, రెండూ పక్కపక్కనే నడుపుతాం. పొటాషియం, కాల్షియం, షుగర్, ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్. ఒక రోజు పని. తేడా ఉంటే కాగితం మీద కనపడుతుంది. మా రక్తానికి మేము బిల్లు వేయం.

తర్వాత గోడౌన్. చాలా ట్యూబుల పెట్టె మీద 25 డిగ్రీల లోపు ఉంచాలని రాసి ఉంటుంది. రెంటచింతల ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టిన ట్యూబులు జూన్‌లో మాకు వస్తాయి. ప్లాస్టిక్ ట్యూబులోంచి వాక్యూమ్ కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది, వేడికి ఇంకా త్వరగా. సిట్రేట్ ద్రావణంలో నీరు కూడా ఆవిరై పోతుంది. ఎక్స్‌పైరీ తేదీ ఇంకా ఆరు నెలలుందని స్టోర్స్ వాళ్లు చూపిస్తారు. ఆ తేదీ 25 డిగ్రీల్లో ఉంచితే చెల్లుతుంది. సూది గుచ్చితే ట్యూబు సగంలో ఆగిపోతుంది. నరం పోయిందనుకుని పాపం నర్సమ్మ రెండో చోట గుచ్చుతుంది. రోగి చేయి నల్లబడుతుంది. తప్పు గోడౌన్‌లో జరిగింది, తిట్లు నర్సమ్మ తిన్నది.

సరుకు కొరత వస్తే ఏం చేయాలని అడుగుతారు. 2021 ఆగస్టులో బ్రిటన్‌లో ట్యూబులు దొరక్క అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్ అత్యవసరం కాని పరీక్షలు ఆపమని డాక్టర్లకి చెప్పింది. అమెరికాలో ఎఫ్‌డీఏ ముందు నీలం మూత ట్యూబులను, 2022 జనవరికి అన్ని రకాల రక్తం ట్యూబులను కొరత జాబితాలో పెట్టింది. పరీక్షలు తగ్గించుకున్నారు గానీ, దొరికిన ట్యూబులో తీసి దొరికిన రిపోర్ట్ ఇవ్వమనలేదు. మా దగ్గర గ్రే అయిపోతే "ఈ వారం ఎర్రదాంట్లో సర్దుకోండి" అని ఫోన్ వస్తుంది.

చివరిగా, ఇది అన్నిటికన్నా కష్టమైన కోరిక. మేము శాంపిల్ వెనక్కి పంపితే దయచేసి పంపనివ్వండి. గడ్డకట్టిందని, సగమే ఉందని, సీరం ఎర్రగా ఉందని రాసి వెనక్కి పంపితే, యజమాని నుంచి ఫోన్ వస్తుంది. "మళ్లీ పిలిస్తే పేషెంట్ ఇంకో ల్యాబ్‌కి పోతాడమ్మా. ఏదో ఒకటి చూసి వేసెయ్." ఏదో ఒకటి వేసెయ్యడానికి నాకు ఒక్క నిమిషం పట్టదు. బటన్ నొక్కితే అంకె వస్తుంది. ఆ అంకె కింద నా సంతకం ఉంటుంది, మీది ఉండదు. తిప్పి పంపిన శాంపిళ్లు నెలకెన్ని, ఎక్కడి నుంచి, ఎందుకు అని ఒక పుస్తకం నేను రాసుకుంటున్నాను. నా డబ్బులతో కొన్న లాంగ్ నోట్‌బుక్. ఏ సెంటర్ నుంచి గడ్డలు ఎక్కువ వస్తాయో, ఏ బ్రాండు ట్యూబులు సగంలో ఆగుతున్నాయో అందులో ఉంది. మీరు అడిగితే ఇస్తాను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆ పెద్దాయన సంగతి చెప్పడం మర్చిపోయాను. మర్నాడు మళ్లీ రమ్మంటే వచ్చాడు, సెంటర్‌కి కాదు, నేరుగా మా ల్యాబ్‌కి. మూడు మైళ్లు ఆటోలో. కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచి, నిన్నటి మచ్చ చూపించి అన్నాడు, "నిన్న తీసిన రక్తం ఏం చేశారమ్మా, అమ్ముకున్నారా?" అందరం నవ్వాం, ఆయన నవ్వలేదు. నీలం అక్కర్లేదు కాబట్టి ఎర్రది ముందు నింపాను, పర్పుల్ తర్వాత. పొటాషియం 4.4 వచ్చింది.

ఇట్లు,
మీ శాంపిళ్లు అందుకునే ఒక ల్యాబ్ టెక్నీషియన్